గుండె లయను సరిచేసే చికిత్స – శ్వాస నాడి విషయంలో జాగ్రత్తలు



ఆరోగ్యం కోరి అరసవల్లి శ్రీ సూర్యనారాయణ స్వామివారిని దర్శించే సంప్రదాయం మన ఉత్తరాంధ్రలో తరతరాలుగా వస్తున్నది. రథసప్తమి నాడు శిరస్సున జిల్లేడాకులు, రేగుపండ్లు ఉంచుకొని స్నానమాచరించి, అర్ధరాత్రి నుంచే బారులు తీరి స్వామి నిజరూప దర్శనానికై వేచి ఉండే భక్తులలో హృద్రోగులు ఎందరో ఉంటారు. యుద్ధరంగంలో అలసి, చింతాక్రాంతుడై నిలిచిన శ్రీరామచంద్రునికి అగస్త్య మహర్షి ఉపదేశించిన స్తోత్రానికి ఆదిత్యహృదయమనే పేరు ఉండటం మనకు తెలిసినదే. దైవాన్ని శరణు వేడినవారు వైద్యాన్ని విడువరాదని, వైద్యం చేయించుకొన్నవారు తమ దేహం చెప్పే మాటను వినడం మానరాదని ఈ వ్యాసం ద్వారా మనవి చేయదలచాను.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ వైద్యశాలలలో 30 ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన వైద్యుణ్ణి. హృద్రోగ నిపుణుణ్ణి కాను. జ్వరాలు, ఆయాసాలు, రక్తపోట్లు, మధుమేహాలు చూసిన సాధారణ వైద్యుణ్ణి. కొన్నేళ్ల క్రితం నేనే రోగినయ్యాను. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ దోషానికి విశాఖపట్టణంలోని ఒక ఆసుపత్రిలో కాథెటర్ అబ్లేషన్ అనే చికిత్స చేయించుకొన్నాను. చికిత్స ఫలించింది. కాని దానితోపాటు నా శ్వాసను నడిపే ఒక నాడి కొంతకాలం మూగబోయింది. ఆ అనుభవం నాకు నేర్పినది, నా చేత ఒక తప్పును ఒప్పించినది మీ ముందుంచుతున్నాను.

శ్వేత పుష్కరిణి మెట్ల మీద

చికిత్స జరిగిన నాలుగవ వారంలో మొక్కు చెల్లించుకోవడానికి కుటుంబంతో శ్రీకూర్మం వెళ్లాను. గుండె దడ పూర్తిగా తగ్గింది. మణికట్టు పట్టి చూసుకొంటే నాడి నిలకడగా, సమంగా కొట్టుకొంటున్నది. శ్వేత పుష్కరిణి మెట్లు దిగి మోకాలి లోతున నిలిచినంతవరకు ఏమీ తెలియలేదు. ఛాతీ వరకు నీటిలో దిగగానే ఊపిరి అందలేదు. ఎవరో పొట్టను కింది నుంచి పైకి అదిమిపట్టినట్లు అనిపించింది. మా అబ్బాయి చేయి పట్టుకొని పైకి తీసుకొనివచ్చాడు. మెట్టు మీద కూర్చున్న రెండు నిమిషాలకు శ్వాస సర్దుకొన్నది. తరువాత స్వామివారి ఎదుట సాష్టాంగ నమస్కారం చేయబోయి వంగినప్పుడు మళ్లీ అదే ఇబ్బంది.

నిజం చెప్పాలంటే అది ఆనాడు మొదలైనది కాదు. ఇంటికి వచ్చిన రోజు నుంచే వెల్లకిలా పడుకొంటే తేలికగా ఆయాసం వచ్చేది. ఒక తలగడకు బదులు రెండు పెట్టుకొన్నాను. చెప్పులు తొడుక్కోవడానికి వంగినా ఊపిరి బిగపట్టేది. ఇదంతా వయస్సు వల్ల, ఆసుపత్రి అలసట వల్ల అని నాకు నేనే సమాధానం చెప్పుకొన్నాను. వైద్యుడు రోగి అయినప్పుడు తనను తాను మోసగించుకోవడం మరీ సులభం.

ఆ మెట్టు మీద కూర్చున్నప్పుడు నాకు ఒక పెద్దావిడ గుర్తుకు వచ్చింది. అంతకు ఏడాది ముందు ఒక పల్లెలో జరిగిన ఉచిత వైద్య శిబిరానికి ఆమె వచ్చింది. కొడుకు పట్నంలో పని చేస్తూ ఆమెకు ఇదే చికిత్స చేయించాడు. "తొంగుంటే ఊపిరాడ్డం నేదు బాబూ. కూకుంటే బాగుంటాది" అన్నది. నేను ఈసీజీ తీయించాను. లయ చక్కగా ఉన్నది. "గుండె బాగుందమ్మా, భయం పెట్టుకోకు. వయస్సు కదా" అని చెప్పి, బలానికి మాత్రలు రాసి పంపించాను. ఆమె కాగితాల సంచిలో చికిత్స వివరాలున్న పత్రం ఉన్నది. దానిని నేను పూర్తిగా చదవలేదు.

లయ తప్పిన గుండె

ఈ వ్యాధిని అర్థం చేసుకోవడానికి మన ప్రాంతపు తప్పెటగుళ్లను తలచుకొంటే చాలు. కళాకారులు గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకొని, నాయకుని అడుగును బట్టి అందరూ ఒకే దెబ్బగా వాయిస్తారు. మన గుండెలోనూ అటువంటి నాయకుడు ఒకడున్నాడు. కుడి కర్ణిక పైభాగంలో ఉండే చిన్న కణజాలపు ముద్ద నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. దానిని అనుసరించి ముందు కర్ణికలు, తరువాత జఠరికలు ముడుచుకొంటాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికలలోని కణాలు నాయకుని మాట వినక ఎవరికి వారు వాయించడం మొదలుపెడతాయి. నిమిషానికి 350 నుంచి 600 వరకు అస్తవ్యస్త సంకేతాలు పుడతాయి. కర్ణికలు ముడుచుకోవడానికి బదులు వణుకుతూ ఉంటాయి. రోగికి గుండె దడ, నీరసం, ఆయాసం, తల తిరగడం కలుగుతాయి. కొందరికి ఏ బాధా తెలియదు.

బాధ తెలియకపోయినా ప్రమాదం ఉంటుంది. వణికే కర్ణికలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారికి పక్షవాతపు ముప్పు లేనివారికంటె సుమారు 5 రెట్లు ఎక్కువ. అందుకే అవసరమైనవారికి రక్తం పలుచబడే మందులు ఇస్తారు. లయ సరిచేసే మందులు పనిచేయనప్పుడు, లేదా మందులకంటె మేలని నిపుణులు భావించినప్పుడు అబ్లేషన్ చేస్తారు. కీళ్లవాతజ్వరం వల్ల చిన్ననాడే కవాటం సన్నబడినవారికి మాత్రం దారి వేరు. వారికి ముందుగా కవాటం సంగతి చూడవలసి ఉంటుంది.

అబ్లేషన్ అంటే ఏమిటి?

1998లో ఫ్రాన్సు దేశంలోని బోర్డో నగరానికి చెందిన మిషెల్ హైసగెర్, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన విషయాన్ని ప్రకటించారు. ఊపిరితిత్తుల నుంచి శుద్ధరక్తాన్ని ఎడమ కర్ణికకు తెచ్చే పుపుస సిరల మొదళ్లలోనే ఈ అల్లరి సంకేతాలు ఎక్కువగా పుడుతున్నాయని వారు చూపించారు. ఈ సిరలు సాధారణంగా 4. ఆ సిరలు కర్ణికలో కలిసే చోట చుట్టూ ఒక మచ్చను ఏర్పరిస్తే, అక్కడ పుట్టిన సంకేతం గుండెలోకి రాలేదు. కళ్లంలో ధాన్యం చుట్టూ కంచె వేసినట్లన్న మాట.

గజ్జల వద్ద ఉండే సిర గుండా కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి ఈ పని చేస్తారు. ఛాతీని కోయరు. మచ్చ ఏర్పరచడానికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది రేడియో తరంగాలతో వేడి పుట్టించి కణజాలాన్ని కాల్చడం. రెండవది చిన్న బుడగను సిర మొదట ఉంచి సున్నాకు 40, 50 డిగ్రీల దిగువకు చల్లార్చి గడ్డకట్టించడం. దీనిని క్రయోబెలూన్ అంటారు. మూడవది ఇటీవల వచ్చినది. క్షణకాలపు బలమైన విద్యుత్ స్పందనలతో కణాల పొరలకు రంధ్రాలు చేయడం. దీనిని పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్ అంటారు. నాకు చేసినది రెండవ పద్ధతి.

'నరం' అంటే ఏ నరం?

మన వాడుకలో 'నరం' అంటే రక్తనాళం, 'నరం' అంటే నాడి కూడా. "నరం దెబ్బతినవచ్చు" అని ఆసుపత్రిలో చెప్పినప్పుడు చాలామంది గజ్జల్లో సూది గుచ్చిన చోటు సంగతి అనుకొంటారు. మరికొందరు పక్షవాతమని భయపడతారు. ఇక్కడ చెప్పేది ఆ రెండూ కాదు. గుండెకు ఆనుకొని వెళ్లే కొన్ని నాడుల సంగతి.

వాటిలో మొదటిది ఫ్రెనిక్ నాడి. మెడలో 3, 4, 5 వెన్ను నాడుల నుంచి పుట్టి, కుడి ఎడమలుగా రెండు నాడులు ఛాతీ గుండా కిందికి దిగుతాయి. ఛాతీకి, పొట్టకు మధ్య గొడుగులా పరచుకొన్న కండరాన్ని విభాజక పటలం అంటారు. మనం పీల్చే ప్రతి శ్వాసకూ ఈ కండరం కిందికి దిగాలి. దానిని కదిలించేది ఫ్రెనిక్ నాడి. కుడివైపు నాడి గుండెకు వచ్చే ఊర్ధ్వ మహాసిర పక్కగా, కుడివైపు పై పుపుస సిరకు అతి చేరువగా వెళుతుంది. అంటే వైద్యుడు మచ్చ పెట్టవలసిన చోటుకు, ఈ నాడికి మధ్య దూరం కొందరిలో కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. వరి కోసిన మడిలో కొయ్యకాళ్లకు పెట్టిన మంట గట్టు మీది చెట్టుకు సోకినట్లు, సిరకు ఇచ్చిన చలువ గాని వేడి గాని నాడికి సోకవచ్చు.

అలా సోకినప్పుడు విభాజక పటలంలో ఆ పక్క భాగం పనిచేయదు. పైకి జరిగి నిలిచిపోతుంది. మెలకువగా కూర్చున్నప్పుడు రెండవ వైపు భాగం పని నెట్టుకొస్తుంది కనుక చాలామందికి ఏమీ తెలియదు. వెల్లకిలా పడుకొన్నప్పుడు, ముందుకు వంగినప్పుడు, నీటిలో దిగినప్పుడు పొట్టలోని అవయవాలు బలహీనమైన భాగాన్ని పైకి నెడతాయి. అప్పుడు ఆయాసం బయటపడుతుంది. నాకు పుష్కరిణిలో, సాష్టాంగంలో జరిగినది ఇదే. ఊబకాయం, పాత దమ్ము, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఈ బాధ మరికొంత ఎక్కువగా ఉంటుంది. కొందరికి పొడిదగ్గు, ఎక్కిళ్లు కూడా వస్తాయి.

ఎంతమందికి వస్తుంది? ఎంతమందికి తగ్గుతుంది?

భయపడేవారికి లెక్కలు ధైర్యమిస్తాయి కనుక చెబుతాను. ఈ గాయం చల్లదనపు బుడగ పద్ధతిలో ఎక్కువ. 2013లో ఫలితాలు వెలువడిన స్టాప్ ఏఎఫ్ అనే అమెరికా పరిశోధనలో 259 చికిత్సలకు 29 సార్లు, అంటే సుమారు 11 శాతంలో, ఫ్రెనిక్ నాడి దెబ్బతిన్నది. ఆ 29 మందిలో 25 మందికి ఏడాదిలోగా తగ్గిపోయింది. ఆ అనుభవంతో వైద్యులు జాగ్రత్తలు పెంచారు. 2016లో వెలువడిన 'ఫైర్ అండ్ ఐస్' అనే పెద్ద అధ్యయనంలో చల్లదనపు పద్ధతి చేయించుకొన్నవారిలో 2.7 శాతం మంది ఈ లోపంతో ఇంటికి వెళ్లారు. ఏడాది దాటినా మిగిలినది ఒక్కరికి మాత్రమే. వేడి పద్ధతి చేయించుకొన్న వర్గంలో ఈ లోపంతో ఇంటికి వెళ్లినవారు లేరు. అంతమాత్రాన వేడి పద్ధతే మేలనుకోరాదు. దానికి వేరే ప్రమాదాలున్నాయి, ముందు చెబుతాను.

నాడి తిరిగి ఎలా కోలుకొంటుంది? చలువ తగిలినప్పుడు నాడిలోని తంతువు దెబ్బతిన్నా, దాని చుట్టూ ఉన్న తొడుగు చాలావరకు నిలిచి ఉంటుంది. ఆ తొడుగునే దారిగా చేసుకొని తంతువు నెమ్మదిగా పెరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని తాకినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలను చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మట్టలన్నీ విరిగినా మొవ్వు నిలిచిన చెట్టు మళ్లీ ఆకు తొడుగుతుంది. కాని ఒక్క రాత్రిలో కాదు. నాడికీ అంతే. కొందరికి గంటలు, కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. నాకు 5 నెలలు పట్టింది.

చికిత్స సమయంలో తీసుకొనే జాగ్రత్త

కుడివైపు సిరలకు చలువ ఇచ్చేటప్పుడు ఊర్ధ్వ మహాసిరలో మరొక కాథెటర్ ఉంచి ఫ్రెనిక్ నాడిని చిన్న విద్యుత్తుతో వరుసగా ప్రేరేపిస్తారు. ప్రతి ప్రేరణకూ రోగి పొట్ట ఎక్కిలి వచ్చినట్లు ఎగురుతుంది. ఒకరు కుడి డొక్క కింద చేయి ఉంచి ఆ కదలికను గమనిస్తూ ఉంటారు. కదలిక బలహీనపడిందంటే నాడికి చలువ సోకుతున్నదని అర్థం. వెంటనే చల్లార్చడం ఆపివేస్తారు. కండరం నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని తెర మీద కూడా చూస్తారు. చేతికి తెలియకముందే అది తగ్గుతుంది. ఎన్నో కోట్ల రూపాయల యంత్రాలున్న గదిలో ఒక మనిషి చేయి రోగి పొట్ట మీద నిలిచి కాపలా కాస్తున్నదని తెలిసినప్పుడు నాకు చేతులు జోడించాలనిపించింది.

నా విషయంలోనూ అలాగే కదలిక తగ్గగానే ఆపివేశారు. "నాడి కొద్దిగా బలహీనపడింది, తిరిగి వస్తుంది. ఆయాసం ఉంటే చెప్పండి" అని మరునాడు వైద్యులు చెప్పారు కూడా. దడ తగ్గిన సంతోషంలో ఆ మాట నా చెవిన పడి మనస్సున పడలేదు. కనుక లోపం నాది. శ్రీకూర్మం నుంచి వచ్చాక ఛాతీ ఎక్స్‌రే తీయించుకొన్నాను. సహజంగానే కొంచెం ఎత్తుగా ఉండే కుడివైపు విభాజక పటలం మరింత పైకి జరిగి ఉన్నది. తరువాత కదిలే ఎక్స్‌రే కింద గట్టిగా ముక్కు ఎగబీల్చమన్నారు. ఎడమవైపు కిందికి దిగుతుంటే కుడివైపు పైకి పోతున్నది. కారణం తేలింది. తలవైపు ఎత్తు పెట్టుకొని పడుకోవడం, శ్వాస వ్యాయామాలు, జలుబు దగ్గు రాకుండా చూసుకోవడం, బొడ్డు దాటిన లోతు నీటిలో దిగకపోవడం – ఇవే నాకు చెప్పిన మందులు.

పొట్టకు వెళ్లే నాడి, గుండె వెనుక ఆహారవాహిక

రెండవది వేగస్ నాడి. దాని శాఖలు ఎడమ కర్ణికకు సరిగ్గా వెనుక, ఆహారవాహిక మీద వలలా అల్లుకొని పొట్టకు దిగుతాయి. కర్ణిక వెనుక గోడకు తగిలిన వేడి గాని చలువ గాని ఈ వలకు చేరితే పొట్ట కదలిక మందగిస్తుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండటం, ఉబ్బరం, వికారం, గంటల క్రితం తిన్నది వాంతి కావడం దీని లక్షణాలు. అమెరికాలో స్థిరపడిన తెలుగు వైద్యుడు డాక్టర్ ధనుంజయ లక్కిరెడ్డి, ఆయన సహచరులు అబ్లేషన్‌కు ముందు, తరువాత పొట్ట కదలికలను పరీక్షించి 2015లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. పైకి ఏ బాధా చెప్పనివారిలో కూడా ఈ మార్పులు కనిపించవచ్చని, చాలావరకు కొద్ది నెలలలో సర్దుకొంటాయని దాని సారాంశం. అంతవరకు కొద్దికొద్దిగా, తరచుగా, మెత్తగా, నూనె తక్కువగా తినాలి. ప్రసాదం కళ్లకద్దుకొని చిటికెడు స్వీకరిస్తే చాలు. దొన్నెడు పులిహోర తినాలనే నియమం లేదు.

గుండెలోనే ఉండే చిన్న నాడీ గుచ్ఛాలు కూడా ఈ చికిత్సలో కొంత దెబ్బతింటాయి. అందువల్ల విశ్రాంతిలో గుండె వేగం మునుపటికంటె 10, 15 ఎక్కువగా ఉండవచ్చు. లయ సమంగా ఉన్నంతవరకు ఇది సాధారణంగా హాని చేయదు.

ఇక వేడి పద్ధతి విషయంలో ఇందాక చెప్పిన ప్రమాదం. ఇది నాడికి సంబంధించినది కాకపోయినా ఆ చోటుకు సంబంధించినదే. అత్యంత అరుదుగా కర్ణికకు, ఆహారవాహికకు మధ్య రంధ్రం పడుతుంది. 2023లో వెలువడిన అంతర్జాతీయ పరిశీలన ప్రకారం 10,000 చికిత్సలకు ఇద్దరు ముగ్గురికి ఇలా జరిగింది. వేడి పద్ధతిలో ఎక్కువ, చల్లదనపు పద్ధతిలో చాలా తక్కువ. అరుదైనదే కాని ప్రాణాంతకం. ఇది చికిత్స గదిలో కాక ఇంటికి వచ్చిన తరువాత, సాధారణంగా 2 నుంచి 4 వారాలకు, ఒక్కొక్కప్పుడు 2 నెలల వరకు బయటపడుతుంది. జ్వరం, ఛాతీనొప్పి, మింగితే నొప్పి, పక్షవాతపు లక్షణాలు వస్తాయి. మన ప్రాంతంలో జ్వరం రాగానే మలేరియా అనో టైఫాయిడ్ అనో ఊరిలోనే మందు తీసుకొంటాము. ఈ చికిత్స జరిగిన 2 నెలలలోపు జ్వరం వస్తే అలా చేయరాదు. చికిత్స చేసిన ఆసుపత్రికి వెంటనే తెలియజేయాలి. ఇటువంటి అనుమానం ఉన్నప్పుడు గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ అపాయకరం. ముందుగా ఛాతీ సీటీ స్కాన్ తీయాలి. కనుక ఏ వైద్యుని వద్దకు వెళ్లినా మొదటి మాటగా "నాకు ఫలానా తేదీన అబ్లేషన్ జరిగింది" అని చెప్పండి.

కొత్త పద్ధతి – మూత్రపిండాల మాట

విద్యుత్ స్పందనల పద్ధతిలో గుండె కండర కణాలు త్వరగా లొంగుతాయి. నాడులు, ఆహారవాహిక చాలావరకు తట్టుకొంటాయి. డాక్టర్ వివేక్ రెడ్డి వంటి పరిశోధకులు దీనిని మొదటి నుంచి పరీక్షిస్తూ వచ్చారు. అమెరికాలో దీనికి 2023 డిసెంబరులో, 2024 జనవరిలో అనుమతులు లభించాయి. 2024లో ప్రచురితమైన 17,642 మంది రోగుల పరిశీలనలో ఫ్రెనిక్ నాడి తాత్కాలికంగా బలహీనపడినవారు 11 మంది. శాశ్వతంగా దెబ్బతిన్నవారు గాని, ఆహారవాహికకు గాయమైనవారు గాని లేరు. ఇది నిజంగా శుభవార్త.

అయితే అదే పరిశీలనలో 5 మందికి ఎర్ర రక్తకణాలు చిట్లి, వాటి భారం వల్ల మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ చేయవలసి వచ్చింది. వేలమందిలో ఐదుగురే కావచ్చు. కాని మనం ఏ ప్రాంతంవారమో మరువరాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లలో దీపాలార్పిందో నేను కళ్లారా చూశాను. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైనది ఈ వ్యథ వల్లనే. అక్కడి రోగి పెద్ద నగరంలోని గుండె వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, తన ఊరి పేరు వినగానే ఆయనకు ఇదంతా తెలుస్తుందని అనుకోరాదు. తన క్రియాటినిన్ లెక్కను తానే ముందుగా చెప్పాలి. రక్తం పలుచబడే కొన్ని మందుల మోతాదు కూడా ఆ లెక్కను బట్టే నిర్ణయిస్తారు. ఒక నాడిని కాపాడే పద్ధతి మరొక అవయవానికి భారం కావచ్చు. ఏ పద్ధతి ఎవరికి తగినదో ఆ రోగి శరీరమంతా తెలిసిన తరువాతనే నిర్ణయించాలి.

చికిత్సకు ముందు అడగవలసినవి

1. నాకు ఏ పద్ధతిలో చేస్తారు? ఎందువల్ల?
2. శ్వాస నాడిని చికిత్స సమయంలో ఎలా గమనిస్తారు?
3. నాకున్న దమ్ము, గురక, మధుమేహం, మూత్రపిండాల జబ్బు వల్ల ముప్పు పెరుగుతుందా?
4. ఇంటికి వెళ్లాక ఏ లక్షణం వస్తే, ఎవరికి, ఏ నంబరుకు ఫోను చేయాలి?

ఇవి అడగడం వైద్యుని శంకించడం కాదు. నేను వైద్యుడనై ఉండి వీటిలో ఒక్కటీ అడగలేదు. సమ్మతి పత్రంలో ఈ నాడి పేరు ఉన్న వరుసను చూచి, సంతకం చేసి ఇచ్చివేశాను.

చికిత్స తరువాత యాత్రికులు గమనించవలసినవి

1. పడుకొన్నప్పుడు, వంగినప్పుడు, నీటిలో దిగినప్పుడు ఆయాసం వస్తే దాచుకోవద్దు. ఒక్క ఛాతీ ఎక్స్‌రేతో చాలా సంగతి తెలుస్తుంది. అయితే ఆయాసానికి గుండె చుట్టూ నీరు చేరడం వంటి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కనుక మీరే నిర్ణయించుకోక వైద్యునికి చూపించండి. విశ్రాంతిలోనూ ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం ఉంటే క్షణం ఆలస్యం చేయరాదు.
2. సాష్టాంగానికి బదులు నిలబడి చేసిన నమస్కారం స్వామికి తక్కువ కాదు. నీళ్లు శిరస్సున చల్లుకొన్నా స్నానఫలమే.
3. ఏకాదశి అయినా, కార్తిక సోమవారమైనా రక్తం పలుచబడే మాత్రను ఉపవాసం పేరుతో ఆపరాదు. చికిత్స తరువాత కనీసం 2, 3 నెలలు అది తప్పనిసరి. ఎప్పుడు ఆపాలో వైద్యుడే చెప్పాలి.
4. మొదటి 2, 3 నెలలలో అప్పుడప్పుడు దడ తిరిగి రావచ్చు. అంతమాత్రాన చికిత్స విఫలమైనట్లు కాదు.
5. చికిత్స తేదీ, పద్ధతి, మందుల పేర్లు, ఆసుపత్రి ఫోను నంబరు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి. క్యూలో స్పృహ తప్పితే మీకు బదులు ఆ చీటీ మాట్లాడుతుంది.

వైద్య శిబిరాలకు విరాళమిచ్చే దాతలకు ఒక చిన్న మనవి. శిబిరంలో మందులతోపాటు, రోగులు తెచ్చిన పాత కాగితాలను నిదానంగా చదివే ఒక మనిషికీ, ఒక బల్లకూ చోటు కల్పించండి. దానికి ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ.

ఎందుకంటే ఆ పెద్దావిడ సంగతి నేను ఇంకా పూర్తి చేయలేదు. నా ఎక్స్‌రే వచ్చిన వారమే ఆమె ఊరికి కబురు పంపించాను. కొడుకు వెంటబెట్టుకొని వచ్చాడు. ఈ ఏడాదిలో ఆమె ముగ్గురు వైద్యుల వద్దకు తిరిగి, లేని ఆస్తమాకు పీల్చే మందు, లేని నీటికి మూత్రం వచ్చే మాత్ర వాడుతున్నది. రాత్రిళ్లు గోడకు చేరబడి కూర్చునే నిద్రపోతున్నది. ఎక్స్‌రే తీయిస్తే నా చిత్రమూ ఆమె చిత్రమూ ఒకటే. కుడివైపు విభాజక పటలం పైకి జరిగి ఉన్నది. నాడి పూర్తిగా చావలేదు, కొద్దిగా కదులుతున్నది. ఆమెకు చికిత్స చేసిన వైద్యులకు చూపించాము. అక్కరలేని మందులు వారు ఆపించారు. శ్వాస వ్యాయామాలు, ఎత్తు తలగడ చెప్పారు. ఆమె ఇప్పుడు పడుకొని నిద్రపోగలుగుతున్నది. పూర్తిగా కోలుకొన్నదని మాత్రం చెప్పలేను.

"అమ్మా, ఆ రోజు నేను సరిగా చూడలేదు" అన్నాను. ఆమె కోప్పడలేదు. "నాను సెప్పినాను కద బాబూ" అన్నది, అంతే.

అవును, ఆమె చెప్పింది. పడుకొంటే ఊపిరాడటం లేదని, కూర్చుంటే బాగుంటుందని, గ్రంథంలో ఉన్నదానికంటె స్పష్టంగా చెప్పింది. విననిది నేను. ఈ చికిత్సకు భయపడి ఎవరూ వెనుకాడవద్దు. దాని వల్ల నా గుండె ఈనాటికీ సమంగా కొట్టుకొంటున్నది. నాడికి దెబ్బ తగిలినా పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గరగా కోలుకొంటారు. కాని గుండె కుదుటపడిందన్న సంతోషంలో శ్వాస చెప్పే మాటను తోసిపుచ్చకండి. మీ ఇంట్లో పెద్దలు చెబితే "వయస్సు కదా" అని సరిపుచ్చకండి.

గత రథసప్తమికి స్వామి సన్నిధిలో వంగి నమస్కరించాను. ఊపిరి ఆగలేదు. లేచి, బయట మండపంలో కాసేపు కూర్చుని ఆ పెద్దావిడ పేరున కూడా ఒక నమస్కారం చేసి వచ్చాను.

ఆరోగ్యప్రదాత అయిన ఆ ప్రత్యక్ష దైవం అందరి హృదయాలను, అందరి ఊపిరిని కాపాడుగాక. స్వస్తి.